మిలిటరీ లారీ కొనేముందు



కంటోన్మెంట్ గోడ పక్కగా పోతూ, లోపల బారులు తీరిన పచ్చ లారీలను చూసి "ఇలాంటిది ఒక్కటి మన చేతికొస్తేనా!" అనుకోని లారీ ఓనరు ఉండడు. నేలకు అంతెత్తున నిలబడ్డ ఛాసిస్, ముందు చక్రాలు కూడా లాగే ఏర్పాటు, చెయ్యి దూరేంత గాళ్లున్న టైర్లు, ముందూ వెనకా మోకు తగిలించడానికి కొక్కేలు. సైన్యం వాటిని కొన్నేళ్లు వాడి వేలం వేస్తుందని తెలిశాక ఆ ఆశ ఇంకాస్త పెరుగుతుంది. క్వారీ వాళ్లు, బోరుబండి వాళ్లు, ఏజెన్సీ ఊళ్లకు సిమెంటూ ఇనుమూ తోలేవాళ్లు, ఘాట్ రోడ్డు మీద పల్టీ కొట్టిన బళ్లను లేపే క్రేన్ల వాళ్లు, అందరూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని టన్నులు లాగుతుందండీ?"

దానికి జవాబు చెప్పేముందు నేనొకటి అడుగుతాను. మీ సరుకు ఏ నేల మీదుగా రావాలి? మిలిటరీ లారీని నేల చూసి కొనాలి. బరువు చూసి కొన్నవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కముందే దాన్ని షెడ్డు వెనక నిలబెట్టేస్తారు. ఎందుకో చెబుతాను.

సైన్యంలో లారీకి రెండు లెక్కలుంటాయి. తారు రోడ్డు మీద మోసే బరువు ఒకటి, రోడ్డు లేని చోట మోసే బరువు ఇంకొకటి. పేరు మాత్రం చిన్న లెక్కతోనే పెడతారు. అమెరికా సైన్యం 1950ల నుంచి దశాబ్దాల పాటు నడిపిన ఎం 35 అనే ఆరు చక్రాల లాగుడు బండిని రెండున్నర టన్నుల లారీ అంటారు. అది మట్టిలో మోసేది రెండున్నర టన్నులు, తారు మీద ఐదు టన్నులు. ట్రైలరు లాగడంలోనూ అదే పద్ధతి. రోడ్డు లేని చోట 6,000 పౌండ్లు, అంటే సుమారు 2,700 కిలోలు. రోడ్డు మీద 10,000 పౌండ్లు, అంటే నాలుగున్నర టన్నులు. మన శక్తిమాన్‌ను కూడా జవాన్లు "త్రీ టన్నర్" అనే పిలిచేవారు.

ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే మామూలు లారీని తీసుకోండి. వెనక నాలుగు టైర్లున్న రెండు ఇరుసుల లారీకి 2018లో కేంద్రం అనుమతించిన మొత్తం బరువు 18.5 టన్నులు. బండి సొంత బరువు తీసేసినా పది టన్నులకు పైగా సరుకు చట్టప్రకారమే ఎక్కుతుంది. తారు రోడ్డు మీద టన్నుకు ఇంత, కిలోమీటరుకు ఇంత అని కిరాయి తీసుకునేవాడికి మిలిటరీ లారీ ఏ రకంగానూ గిట్టదు. సగం సరుకు, అంతే డీజిలు, తక్కువ వేగం. ఎం 35 ఎంత తొక్కినా గంటకు 90 కిలోమీటర్లు దాటదు. ఆ వేగంలో పక్కవాడి మాట వినబడదు కూడా.

మరి ఆ బలమంతా ఎక్కడికి పోయింది? నేలకు పోయింది. ముందు ఇరుసుకు శక్తి పంపడానికి గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అని ఇంకో పెట్టె ఉంటుంది. అందులో లో గేరు వేస్తే బండి నడకవేగంతో, క్లచ్ కాలకుండా, కొండెక్కుతుంది. ముందు ఇరుసు హౌసింగు, దాని క్రౌన్ పినియను, దాని జాయింట్లు, లావుపాటి కమాన్లు, ఇవన్నీ సరుకు ఎక్కకముందే బండి మోస్తున్న బరువు. దానికి తోడు చాలా సైనిక లారీలకు వెనక కూడా పక్కకొకటే టైరు. మనవాళ్లు అది చూసి "వెనక జంట టైర్లు లేవే, ఏం మోస్తుంది?" అని పెదవి విరుస్తారు. బురదలో దాని విలువ తెలుస్తుంది. ముందు టైరు తొక్కి గట్టిపరిచిన గాడిలోనే వెనక టైరూ నడుస్తుంది. జంట టైర్లయితే రెండింటి మధ్యా రాయో బురద ముద్దో ఇరుక్కుని, కొత్త గాడి తవ్వుకుంటూ రావాలి.

జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టాక కర్నూలు వైపో ఆదిలాబాద్ వైపో నల్లరేగడి చేలో దిగిన లారీని చూసినవాళ్లకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు. ఆ మట్టి టైరు గాళ్లలో నిండిపోతే కొత్త టైరు కూడా గుండు టైరే. నది ఇసుక తిన్నెలు, చెరువు గర్భాలు, పాడేరు, మారేడుమిల్లి కొండల్లో రాళ్లు తేలిన బాటలు, అడవిలో టవరు వేయడానికి సామాను చేరవేయాల్సిన చోట్లు, వీటి కోసమే ఆ బండిని గీసి తయారుచేశారు. మీ పని అక్కడుంటే ఈ లారీ గురించి ఆలోచించండి.

సైన్యం వదిలిన లారీ మన దేశానికి కొత్తేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా జీఎంసీ సంస్థ రెండున్నర టన్నుల లారీలను ఐదు లక్షలకు పైగా తయారుచేసింది. అస్సాంలోని లేడో నుంచి బర్మా మీదుగా చైనాకు వేసిన దారిలో 1945 జనవరి 12న బయల్దేరిన తొలి వాహనాల బారు ఫిబ్రవరి 4న కున్మింగ్ చేరింది. యుద్ధం ముగిశాక ఆ సరంజామాను ఓడలెక్కించి వెనక్కి తీసుకుపోవడం అమెరికాకు గిట్టుబాటు కాలేదు. 1946లో కుదిరిన ఒప్పందంతో మన దేశంలో ఉన్న సరుకంతా అప్పటి భారత ప్రభుత్వానికి దఖలు పడింది. "డిస్పోజల్స్" అన్న మాట ఇంటింటికీ తెలిసింది అప్పుడే. బెంగాల్‌లో గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదున్న పానాగఢ్ పాత సైనిక వాహనాల అంగడిగా పేరు తెచ్చుకున్నదీ ఆ యుద్ధం తర్వాతే. ఆ ఫోర్డులూ షెవ్రొలేలూ డాడ్జిలూ కొన్ని సరుకు లారీలయ్యాయి, కొన్ని బస్సులయ్యాయి. ఎక్కువ కాలం బతికినవి మాత్రం క్రేన్లయినవే. ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, వెనక ఇనుప దూలం మోస్తూ, హైవే పక్కన చెట్టు కింద పిలుపు కోసం కాచుకుని ఉండే పాత బండి నా వయసు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. దాన్ని యుద్ధం బండి అనేవాళ్లు. ఎందుకు క్రేన్లే బతికాయన్నది ఇవాళ్టి మన సమస్యకు కూడా జవాబు. చివర్లో దానికి వస్తాను.

స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండేళ్లకు, వి.కె. కృష్ణమీనన్ రక్షణ మంత్రిగా ఉన్న కాలంలో, జర్మనీకి చెందిన మాన్ సంస్థ లైసెన్సుతో జబల్‌పూర్‌లో మన సొంత సైనిక లారీ తయారీ మొదలైంది. 1959లో వచ్చిన ఆ శక్తిమాన్‌ను 1990ల దాకా చేశారు. నూట పది అశ్వశక్తికి అటూఇటుగా ఉండే ఇంజను, పొడవాటి బానెట్టు, కాన్వాసు కప్పు. ఈశాన్య రాష్ట్రాల కొండల్లో కలపా బొగ్గూ రాయీ మోసే శక్తిమాన్లు సైన్యం నుంచి బయటికి వచ్చాక రెండో జన్మ ఎత్తినవే. తర్వాత వాటి స్థానంలోకి అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా ఎల్‌పీటీఏ 713 వచ్చాయి. స్టాలియన్ పెద్దది, ఐదు టన్నుల తరగతి. 713 చిన్నది, రెండున్నర టన్నులు. రెండింటికీ నాలుగు చక్రాల లాగుడు ఉంది. ఇవాళ మీ ముందుకు బేరానికి వచ్చేవి ఈ మూడింటిలో ఏదో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ.

ఈ మూడింటిలో ఏది అంటే, నన్నడిగితే ఇంజను చూసి చెబుతాను. 713లో ఉండేది టాటా 697 కుటుంబానికి చెందిన ఇంజను. దాన్ని విప్పి బిగించని డీజిల్ మేస్త్రీ విజయవాడ ఆటోనగర్‌లో ఉండడు. స్టాలియన్ ఇంజను కూడా లేలాండ్ మామూలు లారీల్లో వాడిన హినో జాతిదే. లైనర్లు, పిస్టన్లు, నాజిళ్లు, వాటర్ పంపు మీ జిల్లా కేంద్రంలోనే దొరుకుతాయి. శక్తిమాన్ అలా కాదు. దాని తయారీ ఆగి పాతికేళ్లు దాటింది. చచ్చిన ఇంకో శక్తిమాన్‌లోంచి ఊడబెరికితే తప్ప సామాను రాదు. శక్తిమాన్ కావాలనుకుంటే ఒకటి నడపడానికి, ఇంకొకటి సామానుకు, రెండు కొనాలి. అయితే స్టాలియన్‌కైనా 713కైనా ముందు హౌసింగు, ట్రాన్స్‌ఫర్ కేసు మామూలు లారీల్లో ఉండవు గనక వాటి బేరింగులకూ పళ్లచక్రాలకూ వెతుకులాట తప్పదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ సామాను విషయంలో అక్షరాలా నిజం. బండి బేరం కుదరకముందే ఆ రెండింటికీ సామాను ఎవరి దగ్గర దొరుకుతుందో ఆరా తీయండి.

అమెరికాలో ఉంటూ ఈ ప్రసంగం వింటున్న మనవాళ్ల కోసం ఒక రెండు మాటలు. టెక్సస్ లాంటి చోట్ల పొలమో పశువుల కొట్టమో పెట్టుకున్నవాళ్లకు అక్కడి సైన్యం వేలం బళ్లు తేలిగ్గా దొరుకుతాయి. మూడు తరాలవి కనిపిస్తాయి. మొదటిది నేను చెప్పిన ఎం 35. దాని ఇంజనులో డీజిల్‌తో పాటు కిరోసిన్ లాంటివీ మండుతాయి. ఆ దహన పద్ధతిని అమెరికన్లు తీసుకున్నది కూడా మన శక్తిమాన్‌కు మూలమైన మాన్ సంస్థ నుంచే. ఏది పోసినా నడుస్తుందని కొందరు కాలిన ఇంజనాయిల్ కూడా పోస్తారు. ఆ ఏర్పాటు యుద్ధంలో గత్యంతరం లేనప్పటి కోసం. రోజూ అలా పోస్తే డీజిల్ పంపు మూల్యం చెల్లిస్తుంది. రెండో తరం 1980లలో వచ్చిన ఎం 939 వరుస, ఐదు టన్నులు, మొదట్లో 14 లీటర్ల కమిన్స్ ఇంజను, ఆటోమేటిక్ గేరుబాక్సు. లాగుడు పనికి దీన్ని మించింది లేదని చాలామంది అంటారు. నిజమే గానీ, ఖాళీ బండితో తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు బిగిసి, బండి పక్కకు తిరిగి, పల్టీలు కొట్టిన ప్రమాదాలు చాలా జరిగాయి. అందుకే 1990ల చివర్లో అక్కడి సైన్యం వాటికి చక్రాలు బిగుసుకోకుండా ఆపే ఏబీఎస్ పరికరాలు అమర్చడం మొదలుపెట్టింది. మీరు కొనే బండికి అది ఉందో లేదో చూడండి. మూడో తరం ఆస్ట్రియా స్టెయర్ నమూనా మీద టెక్సస్‌లోనే తయారైన ఎల్‌ఎంటీవీ. క్యాబిను ముందుకు వాలుతుంది, నడపడం సులువు, మరమ్మతు మాత్రం ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడే చేయాలి. బండి మొత్తం రేటింగు 26,000 పౌండ్లు దాటితే వ్యాపార లైసెన్సు ప్రశ్న వస్తుంది. కొన్ని రాష్ట్రాలు సైనిక వాహనాలను రోడ్డు మీద రిజిస్టరు చేయడానికి ఒప్పుకోవు. ముందు మీ రాష్ట్రం నిబంధన చూసుకుని తర్వాత వేలానికి వెళ్లండి.

మళ్లీ మన ఊరికొద్దాం. బండి దగ్గరికి వెళ్లారు. మీటరు చూస్తే తిరిగిన కిలోమీటర్లు చాలా తక్కువ. అమ్మేవాడు దాన్నే చూపిస్తాడు, మీరూ సంతోషిస్తారు. మామూలు లారీ తిరిగి తిరిగి అరుగుతుంది. సైన్యం లారీ నిలబడి నిలబడి పాడవుతుంది. మనుషులు కాపురం చేయని ఇల్లు ఎలా బీటలు వారుతుందో అలాగన్నమాట. ఇనుము బాగానే ఉంటుంది. పాడయ్యేది రబ్బరు. బ్రేకు సిలిండర్ల వాషర్లు, ఆయిల్ సీళ్లు, రేడియేటరు గొట్టాలు, డీజిల్ పైపులు, గాలి పైపులు, వైర్ల మీది తొడుగు ఎండి పెళుసుబారతాయి. అరుగుదల కళ్లకు కనిపిస్తుంది. ఎండిపోవడం రోడ్డెక్కి, బరువెక్కి, వేడెక్కితే గానీ బయటపడదు.

అందుకే బండి చుట్టూ ఒక వరుసలో తిరగమంటాను. మొదట నెంబరు ప్లేటు. సైన్యం నెంబరులో పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది. దాని పక్కనున్న రెండంకెలు బండి సైన్యంలో చేరిన సంవత్సరం. రంగు ఎంత కొత్తగా కొట్టినా ఆ అంకెలు వయసు చెప్పేస్తాయి. రెండోది టైర్లు. గాళ్ల లోతు చూసి మురిసిపోకండి. టైరు గోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2309 అని ఉంటే 2009వ సంవత్సరం ఇరవై మూడో వారంలో చేసిన టైరని అర్థం. గోడ మీద, గాళ్ల అడుగున సన్నటి పగుళ్లు కనిపిస్తే కొత్తలా ఉన్నా ఆ టైరు మీద సరుకు వేయకూడదు. నాలుగు టైర్ల ఖరీదు మీ బేరంలో కలుపుకోండి.

మూడోది చక్రాల లోపలి వైపు. కింద పడుకుని టార్చి వేసి చూడాలి. ముందు హౌసింగు చివర, చక్రం మలుపు తిరిగే చోట రబ్బరు తొడుగు ఉంటే అది చిరిగిందేమో చూడండి. చిరిగితే లోపల జాయింటులోకి నీళ్లూ ఇసుకా చేరాయన్నమాట. బ్రేకు డ్రమ్ము లోపలి అంచున తడి ఉంటే వేలితో తుడిచి చూడండి. పలచగా ఉంటే బ్రేకు ఆయిల్, చిక్కగా, ఘాటైన వాసన వస్తుంటే హౌసింగు ఆయిల్. నాలుగోది ట్రాన్స్‌ఫర్ కేసు. దాని అడుగు నట్టు కొంచెం వదులు చేస్తే ముందు నీళ్లు కారి తర్వాత ఆయిల్ వస్తే బండి ఎప్పుడో వాగులో మునిగిందని లెక్క. ఇంజను ఆయిల్ పుల్ల లాగితే తెల్లటి నురగ కనిపించినా ఇబ్బందే, నీళ్లు లోపలికి దారి కనుక్కున్నాయి. డీజిల్ ట్యాంకు మూత తీసి లోపల తుప్పు ఉందేమో చూడండి. ఏళ్ల తరబడి నిలవున్న డీజిల్ అడుగున మడ్డి కడుతుంది, అది పంపులోకి వెళితే నాజిళ్లు ఒక్కొక్కటే మొండికేస్తాయి.

నాలుగు చక్రాల లాగుడు బండిలో ఇంకో మాట. నాలుగు టైర్లూ ఒకే కొలత, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. ముందు పాతవీ వెనక కొత్తవీ వేస్తే చుట్టుకొలత మారి, ముందు ఇరుసు ఒక వేగంతో, వెనకది ఒక వేగంతో తిరగబోతాయి. మట్టిలో టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ పెనుగులాటంతా ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ల మీద పడుతుంది. అందుకే తారెక్కగానే ముందు చక్రాల లివరు తీసేయాలి. కొత్త డ్రైవరుకు మొదటి రోజే ఇది నేర్పించండి. లేకపోతే ఆర్నెల్లలో పెట్టె విప్పాల్సొస్తుంది.

ఇక బండ్లను లాగే పని. లాగడానికి కావాల్సింది ఇంజను బలమని అందరూ అనుకుంటారు. ఘాట్ దిగేటప్పుడు ఆ ఇంజను బలం ఎంతవరకు ఆదుకుంటుంది? వెనక ఐదు టన్నుల ట్రైలరు ఉంటే, దాని బరువంతా మీ లారీ బ్రేకులే ఆపాలి. అందుకే ట్రైలరుకు సొంత బ్రేకులుండాలి, ఆ బ్రేకులకు మీ లారీ నుంచి గాలి అందాలి. బండి వెనక ఆ గాలి గొట్టాల మూతులు ఉన్నాయా, వాటిలో గాలి వస్తుందా అని చూసుకోండి. పాత తరం సైనిక లారీల్లో గాలితో నూనెను తోసే బ్రేకులుంటాయి. ఎం 35లో అయితే ఆ నూనె దారి మొత్తం ఒకటే. ఒక్క చక్రం దగ్గర వాషరు చీలినా అన్ని చక్రాలకూ బ్రేకు పోతుంది. బండి కొన్న రోజునే అన్ని వాషర్లూ, గొట్టాలూ మార్చేయడం తప్పనిసరి. అమెరికా సైన్యం కొన్ని బళ్లలో మామూలు బ్రేకు ఆయిల్ కాకుండా సిలికోన్ రకం వాడుతుంది. రెండూ కలిపి పోస్తే వ్యవస్థ పాడవుతుంది. పాతదంతా తీసి కడిగించాకే కొత్తది పోయండి.

వెనక కొక్కేన్ని కూడా ఒకసారి పట్టి ఊపండి. సైన్యం బండికి ఉండే కొక్కెం నోరు తెరిచి, ట్రైలరు ఉంగరాన్ని మింగి, మీద మూత పడేది. అది ఎటైనా తిరుగుతుంది, ఎగుడుదిగుడు నేల మీద ట్రైలరు పక్కకు ఒరిగినా విరగదు. ఉంగరం రాసుకున్న చోట కొక్కెం లోపలి భాగం అరిగి పలచబడిందా, మూత పిన్ను గట్టిగా పడుతుందా చూడండి. వెనక ట్రైలరు లైట్ల దగ్గర ఇంకో మెలిక. సైనిక లారీలు 24 వోల్టులవి. మన పెద్ద లారీలూ అంతే గనక ఇక్కడ ఇబ్బంది లేదు. చిన్న బండి ట్రైలరు 12 వోల్టులది తగిలిస్తే బల్బులన్నీ ఒక్కసారే మాడిపోతాయి.

ముందు బంపరు మీద వించ్ ఉంటే అది అదృష్టమే. లాగే పనిలో సగం విద్య దాన్ని వాడటంలో ఉంది. ఉక్కు తాడు డ్రమ్ము మీద ఒక్క పొర ఉన్నప్పుడే వించ్ పూర్తి బలంతో లాగుతుంది. పొర మీద పొర చుట్టుకునే కొద్దీ బలం తగ్గుతుంది. దగ్గర బండిని లాగాలన్నా తాడు పొడుగ్గా వదిలి, ఆ బండికి తగిలించిన కప్పీ మీదుగా వెనక్కి తెచ్చి లారీకే కట్టండి. లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. ఎం 35 లాంటి బళ్లలో వించ్ నడిపే కడ్డీకి ఒక మెత్తటి పిన్ను ఉంటుంది. మోయలేని బరువు పడితే తాడు తెగకముందే ఆ పిన్ను తెగాలి. దానికోసమే పెట్టారు. "మాటిమాటికీ తెగుతోంది" అని మన మేస్త్రీలు అక్కడ గట్టి బోల్టు బిగిస్తారు. ఆ తర్వాత తెగేది ఉక్కు తాడు. తెగిన తాడు విసురు మనిషిని రెండుగా కోసేస్తుంది. బండి కొనగానే ఆ కన్నంలో పిన్ను ఉందా, బోల్టు ఉందా చూడమని నా మొదటి సలహా. రెండోది, వించ్ లాగుతున్నంతసేపూ తాడు పొడవంత దూరంలోకి ఎవరూ రాకుండా చూడటం. చూడ్డానికి గుమిగూడిన జనాన్ని అవతలికి పంపడం కూడా డ్రైవరు పనే.

ఇప్పుడు కాగితాలు. మన దగ్గర సైన్యంతో సహా ప్రభుత్వ సంస్థల పాత సరుకు వేలాలు చాలావరకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతాయి. పద్ధతి ఒకటే: ఎక్కడుంటే అక్కడే, ఎలా ఉంటే అలాగే. పాట పాడాక బండిలో ఇంజను లేదని తెలిసినా ఫిర్యాదు చెల్లదు. కాబట్టి చూడటానికి ఇచ్చిన తేదీల్లో వెళ్లి చూడటం మానకండి. పాటకు ముందు ఆ లాటు కింద రాసింది చదవండి. కొన్ని లాటులు బండిగా అమ్ముతారు, కొన్ని తుక్కుగా అమ్ముతారు. తుక్కుగా కొన్నది ఎంత చక్కగా నడిచినా రోడ్డెక్కదు.

బండిగా కొన్నదానికి చట్టం దారి ఇలా ఉంది. సైన్యం చేతిలో ఉన్నంతకాలం ఆ లారీ మోటారు వాహనాల చట్టం 60వ సెక్షను కింద రక్షణ శాఖ రిజిస్ట్రేషను మీద నడుస్తుంది. చేయి మారిన మరుక్షణం మనందరికీ వర్తించే 39, 40 సెక్షన్లే దానికీ వర్తిస్తాయి. అంటే ఆర్టీవో దగ్గర కొత్తగా రిజిస్టరు చేయించాలి. దానికి సైనికాధికారులు ఇచ్చే అసలు అమ్మకపు సర్టిఫికెట్టు, ఫారం 21, చేతిలో ఉండాలి. అది లేకుండా మధ్యవాళ్ల రసీదు మీద బండి కొంటే సీ బుక్ ఎప్పటికీ రాదు. "కాగితాలు తర్వాత పంపిస్తాం" అన్న మాట వినపడగానే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. ఇంకొకటి, 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను చెల్లదు, వాటిని తుక్కు కేంద్రానికి పంపాల్సిందే. దేశరక్షణలో ప్రత్యేక పనులకు వాడే వాహనాలకు సైన్యం చేతిలో ఉన్నంతవరకు మినహాయింపు ఉంది. ఇంత పాత లారీ మీ పేరు మీదకు మారుతుందా అన్నది మీ ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే పాట పాడండి. నెంబరు ప్లేటు మీద బాణం పక్క అంకెలు చూడమన్నది ఇందుకు కూడా.

రిజిస్ట్రేషనుకు తీసుకెళ్లే ముందు రంగు మార్చాలి. ఆ ఆలివ్ పచ్చ రంగు మన దేశంలో సైన్యానికే ప్రత్యేకం, ప్రైవేటు లారీ మీద ఉండకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ రంగే ముచ్చటపడి కొనేవాళ్లకు ఇది చేదు వార్తే. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు, నిలబెట్టేటప్పటికి లైట్లు, అద్దాలు, వెనక మెరిసే పట్టీలు మామూలు లారీకి ఉన్నట్టే ఉండాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటేటా ఎఫ్‌సీ తప్పదు. ఆ ఖర్చు, ఆ తిరుగుడు కూడా లెక్కలో వేసుకోండి.

ఇక తేల్చేద్దాం. క్వారీ నుంచి క్రషరుకు తారు రోడ్డు మీద రోజుకు ఆరు ట్రిప్పులు తోలేవాళ్లకు ఈ లారీ వద్దు. మామూలు టిప్పరే కొనుక్కోండి. వానాకాలం రెండు నెలలే బురద కష్టం ఉన్న రైతుకూ వద్దు. ఆ రెండు నెలలు ట్రాక్టరు కిరాయికి తెచ్చుకుంటే చాలా చవక. ఏడాది పొడుగునా రోడ్డు లేని చోటే పని ఉన్నవాళ్లకు 713గానీ స్టాలియన్ గానీ సరిపోతుంది, సామాను దారి ముందే చూసుకుంటే.

అందరికన్నా ఎక్కువ కలిసొచ్చేది క్రేను నడిపేవాళ్లకు. యుద్ధకాలం నాటి బళ్లు క్రేన్లుగానే ఎక్కువకాలం బతికాయన్నాను కదా. కారణం సులువు. క్రేన్ కిరాయి పిలుపుకు ఇంత అని ఉంటుంది, కిలోమీటరుకు కాదు. నెలకు తిరిగేది తక్కువ దూరం గనక డీజిల్ తాగినా, మెల్లగా నడిచినా నష్టం లేదు. లోయ అంచున, బురద గట్టున, తోడు లేకుండా నిలబడి ఇంకో బండిని పైకి లాగడానికి కావాల్సిన పట్టు, లో గేరు, వించ్ అన్నీ పుట్టుకతోనే ఉన్నాయి. ఆ బండి మీద వెనక క్రేను బిగించి, ఘాట్ రోడ్డు మొదట్లో నిలబెట్టుకున్నవాడికి అది అన్నం పెడుతుంది.

సికింద్రాబాద్ తిరుమలగిరిలో సైన్యం మెకానిక్కులకు శిక్షణ ఇచ్చే కళాశాల ఉంది. అక్కడ చదివి, ఈ బళ్ల మీదే జీవితం గడిపి, రిటైరై మన ఊళ్లలో ఉన్న మాజీ సైనికులు చాలామంది ఉన్నారు. వేలానికి వెళ్లేటప్పుడు వాళ్లలో ఒకర్ని బతిమాలి వెంటబెట్టుకెళ్లండి. వాళ్లకిచ్చే కూలీ బండి ధరలో లెక్కలోకి కూడా రాదు. ముందు కాగితం, తర్వాత సామాను, ఆ తర్వాత బండి, అన్నిటికన్నా చివర ధర. ఈ వరుస తప్పకుండా కొంటే నష్టపోరు.